ఒకే మిషన్‌లో ఎనిమిది కౌంటర్లు

2001 మే నెలలో మా అక్క పెళ్లికి పిలవాల్సిన వాళ్ల చిరునామాలన్నీ నేను చెరిపేశాను. మూడు వందల పైచిలుకు. నాన్న పాత డైరీలు ముందేసుకుని, రెండు వారాల పాటు రోజూ సాయంత్రం అక్క ఒక్కొక్కటీ కంప్యూటర్‌లో కొట్టి పెట్టిన లిస్టు అది. శ్రావణంలో ముహూర్తం. శుభలేఖలు ఇంకా అచ్చుకు ఇవ్వలేదు. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పేరు వినగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆ మధ్యాహ్నమే.

అప్పుడు మేం గుంటూరు బ్రాడీపేటలో అద్దెకు ఉండేవాళ్లం. కంప్యూటర్ కొని ఏడాది అయింది. నాన్న తన బ్యాంకులోనే లోను పెట్టి, బెజవాడలో తెలిసిన కుర్రాడి చేత అసెంబుల్ చేయించారు. సెలెరాన్ ప్రాసెసర్, 64 ఎంబీ ర్యామ్, పది జీబీ హార్డ్ డిస్క్. సీపీయూ నా ఒళ్లో, మానిటర్ నాన్న ఒళ్లో పెట్టుకుని ప్యాసింజర్‌లో తెచ్చుకున్నాం. కృష్ణా కెనాల్ దాటి, మంగళగిరి దాటి, నంబూరు వచ్చేదాకా ఆయన ఒక్కసారి కూడా చెయ్యి మార్చుకోలేదు. ఇంటికొచ్చాక మాత్రం దాని జోలికి రాలేదు. "మీరు చూసుకోండి, పగలంతా నాకు బ్యాంకులో అదేగా పని" అనేవారు. ఆ మాటకు అర్థం ఏమిటో నేనెప్పుడూ అడగలేదు.

నేను బీటెక్ మూడో సంవత్సరం పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. కాలేజీలో యూనిక్స్ ల్యాబ్ వారానికి ఒక్కసారి, మూడు గంటలు. టెర్మినళ్లు పది, మేం ముప్పై మంది. ముగ్గురికి ఒక కీబోర్డు. ఫైళ్లు రాసుకునే వీఐ ఎడిటర్‌లోకి వెళ్లి బయటికి రావడం నేర్చుకునేసరికి బెల్లు కొట్టేసేవారు. కమాండ్లు వరసగా పేర్చి రాసే షెల్ ప్రోగ్రాములు రికార్డు పుస్తకంలో అందంగా రాసినవాడికే మార్కులు. కానీ ఒకరోజు నా వంతులో, ఒక కమాండ్ ఇచ్చిన జవాబును నిలువు గీతతో ఇంకో కమాండ్‌కు అందించి చూశాను. దాన్ని పైపు అంటారు. చిన్న చిన్న పనిముట్లు ఒకదాని చేతిలో ఇంకోటి పని పెట్టుకుంటూ పోవడం చూస్తే ఒళ్లు జలదరించింది. అది ఇంట్లో కావాలనిపించింది.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా ఫ్రెండ్ వాళ్ల అన్నయ్య ఒక సీడీ రాసి పంపాడు. పైన నల్ల మార్కర్‌తో 'ఫ్రీబీఎస్‌డీ 4.3' అని ఉంది. ఆ ఏప్రిల్‌లోనే విడుదలైన వెర్షన్. నా స్నేహితులంతా పత్రికలతో వచ్చే, యూనిక్స్ లాంటిదే అయిన లైనక్స్ సీడీలు వేసుకుంటున్నారు. నా చేతికి ఇది దొరికింది కాబట్టి ఇదే వేశాను. తర్వాత చదివితే తెలిసింది, ఇది కాలిఫోర్నియాలో బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్లు దిద్దిన యూనిక్స్ వంశంలోదని. మేం ల్యాబ్‌లో తిట్టుకునే వీఐ కూడా అక్కడ బిల్ జాయ్ 1976లో రాసిందేనట.

అరండల్‌పేటలో నెట్ సెంటర్‌కి వెళ్లి ఫ్రీబీఎస్‌డీ గైడులో ఇన్‌స్టలేషన్ అధ్యాయం మొత్తం ప్రింట్ తీయించుకున్నాను, ముప్పై పేజీలు. విండోస్‌ని అలాగే ఉంచి పక్కన కొంత జాగా ఖాళీ చేసే ప్రోగ్రాము సీడీలోనే ఉంది. ముందు డిస్క్‌లో చెల్లాచెదురుగా ఉన్న ఫైళ్లను ఒకపక్కకు చేర్చి (డీఫ్రాగ్ అంటారు), ఆ ప్రోగ్రాముతో మూడు జీబీ విడదీశాను. ఇంతవరకు అంతా సక్రమం.

ఫ్యాన్ గాలికి కాగితాలు ఎగిరాయి. ఏరుకుని పక్కన పెట్టుకునేటప్పుడు వరస తప్పింది. జరిగిందంతా అదే. ఇన్‌స్టలేషన్‌లో ఒకదాని తర్వాత ఒకటి రెండు తెరలు వస్తాయి. మొదటిది డిస్క్‌ని పెద్ద ముక్కలుగా పంచేది. రెండోది మన ముక్కలో లోపలి గదులు కట్టేది. రెండిట్లోనూ 'ఎ' అనే మీట ఉంది. రెండో తెరలో 'ఎ' నొక్కితే గదుల కొలతలు అదే చూసుకుంటుంది. మొదటి తెరలో 'ఎ' నొక్కితే డిస్క్ మొత్తం దానిదే. నా చేతిలో ఉన్నది రెండో తెర కాగితం, ఎదురుగా ఉన్నది మొదటి తెర. నొక్కాను. ఆఖరున ఒక పెట్టె వచ్చింది: ఇదే చివరి అవకాశం, డిస్క్‌లో మీకు కావాల్సినవి ఏవైనా ఉంటే ముందు బ్యాకప్ తీసుకోండి, పోతే మా బాధ్యత లేదు అని. అందరికీ అలాగే చెబుతుందిలే అనుకుని సరే అన్నాను.

రీస్టార్ట్ అయ్యాక ఎఫ్1 పక్కన డాస్ (అంటే మా విండోస్) అనీ ఎఫ్2 పక్కన ఫ్రీబీఎస్‌డీ అనీ రావాలి. ఎఫ్1 పక్కనే ఫ్రీబీఎస్‌డీ అని వచ్చింది. కింద ఇంకేం లేదు.

అక్క అరవలేదు. నా మొహం చూసి, తెర చూసి, "లిస్టు?" అంది. నేను తల అడ్డంగా ఊపాను. లోపలికి వెళ్లిపోయింది. అమ్మ వంటింట్లోంచి "ఏమైందే?" అని రెండుసార్లు అడిగినా ఎవరం పలకలేదు. నాన్న వచ్చేదాకా నేను ఆ కుర్చీలోంచి లేవలేదు.

ఏడున్నరకు నాన్న వచ్చారు. కాళ్లు కడుక్కుని, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ గదిలోకి వచ్చి ఆగిపోయారు. నల్లటి తెర మీద లాగిన్ అనే ఒక్క మాట, పక్కన మిణుకుమిణుకుమంటూ కర్సర్.

"ఇదేంట్రా, మా బ్యాంకు మిషన్ మనింటికొచ్చింది?"

తిడతారని చూస్తున్న నాకు ఏం చెప్పాలో తోచలేదు. లిస్టు సంగతి చెప్పేశాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. "డైరీలు ఉన్నాయిగా. మళ్లీ కొడదాం. లే, నన్ను కూర్చోనీ" అన్నారు. కూర్చుని రెండు చేతులూ కీబోర్డు మీద ఆనించారు. నేను పెట్టిన పేరు అడిగి లాగిన్ అయ్యారు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెర మీద ఏమీ పడకపోయినా తడుముకోలేదు. మామూలు వాళ్లు ఎవరైనా అక్కడ ఆగి, కీబోర్డు పాడైందా అని అడుగుతారు.

అప్పుడు చెప్పారు. వాళ్ల బ్రాంచిలో సర్వర్ అద్దాల గదిలో ఉంటుంది. కౌంటర్ల మీద ఉన్నవి టెర్మినళ్లే, వాటిలో డిస్కూ ఉండదు, ఏమీ ఉండదు. పొద్దున్నే ఆఫీసరు సర్వర్‌లో ఆ రోజు లెక్క తెరిస్తేగాని ఎవరికీ పని మొదలవదు. మిషన్ మొత్తం మీద అధికారం ఇచ్చే రూట్ పాస్‌వర్డ్ కవర్లో పెట్టి, లక్క సీలు వేసి, స్ట్రాంగ్ రూములో ఉంచుతారు. ఆయన ఏడేళ్లుగా రోజూ యూనిక్స్ మీదే కూర్చుంటున్నారు. నేను మూడు గంటల ల్యాబ్ కోసం కొట్టుకుంటున్నాను. ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం.

ఆల్ట్ పట్టుకుని ఎఫ్2 నొక్కి చూపించాను. ఇంకో లాగిన్. ఎఫ్3 నొక్కితే మరొకటి. అలా ఎనిమిది. నాన్న ఒక్కొక్కటీ నొక్కుకుంటూ వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చారు.

"ఒకే మిషన్‌లో ఎనిమిది కౌంటర్లురా! దీనికి లైసెన్సు ఎంత?"

"ఏమీ లేదు నాన్నా. ఫ్రీ."

"అలా ఎలా ఇస్తారు?" అన్నారు. బ్యాంకులో ఇంతమంది వాడితే ఇంత అని లెక్కట. ఎవరో సెలవు పెడితేగాని కొత్తగా వచ్చినామెకు టెర్మినల్ దొరకలేదట.

మర్నాడు ఆయనకు వేరే లాగిన్ పెట్టాను, ఆయన ఇనిషియల్స్‌తో. పాస్‌వర్డ్ పెట్టుకునేటప్పుడు నన్ను అటు తిరగమన్నారు. ఈనాటికీ నాకు చెప్పలేదు.

లిస్టు మళ్లీ మొదలైంది. అక్క చదివేది, నాన్న కొట్టేవారు. పేరు, వీధి, ఊరు, పిన్‌కోడ్, మధ్యలో కోలన్లు. ఎడమ చేత్తో డైరీ పేజీ తిప్పుతూనే కుడి చేత్తో అంకెలు చూడకుండా కొట్టడం అక్కడే చూశాను. రెండు వారాల పని నాలుగు సాయంత్రాల్లో అయింది, 312 లైన్లు. ఇక నా వంతు. పేర్లు మాత్రం విడదీసే కట్, వరస పెట్టే సార్ట్, జంటలు పట్టే యునీక్, మూడింటినీ పైపులతో కలిపి ఎంటర్ కొట్టాను. కన్ను మూసి తెరిచేలోపు పదకొండు పేర్లు వచ్చాయి. రెండేసి సార్లు ఎక్కినవి. అక్క కుర్చీ దగ్గరికి జరుపుకుంది. చెరిపేసిన రోజు నుంచి ఆమె నాతో సరిగ్గా మాట్లాడటం అప్పుడే. అందులో రెండు పేర్లను నాన్న తీయనివ్వలేదు. ఇంటిపేరూ పేరూ ఒకటే అయినా మనుషులు వేరట, ఇద్దరూ తెనాలి వాళ్లే. పిన్‌కోడ్ ప్రకారం వరస పెడితే తెనాలి 522201 అంతా ఒకచోట, బెజవాడ అంతా ఒకచోట వచ్చాయి. శుభలేఖలు కట్టలు కట్టి పోస్టాఫీసుకు పట్టుకెళ్లడానికి అది ఎంత కలిసొచ్చిందో.

ప్రింట్ కోసం ఫైల్‌ని ఫ్లాపీలో వేసుకుని నెట్ సెంటర్‌కి వెళ్లాను. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మూడు వందల చిరునామాలూ ఒకే లైనులో, మధ్యమధ్య నల్ల డబ్బాలతో కనిపించాయి. గుండె జారిపోయింది. లైను ఎక్కడ ముగిసిందో చెప్పడానికి యూనిక్స్ ఒక గుర్తు పెడుతుంది, డాస్ కాలం నుంచి వచ్చిన అలవాటు ప్రకారం విండోస్ నోట్‌ప్యాడ్‌కు అప్పట్లో రెండు గుర్తులు కావాలి. ఆ సంగతి నాకు తెలియదు. నెట్ సెంటర్ కుర్రాడు వర్డ్‌ప్యాడ్‌లో తెరిచి చూపించాడు. అన్నీ చక్కగా వరసలో ఉన్నాయి.

మోడెమ్ మాత్రం ఎంత చేసినా పలకలేదు. లోపల బిగించే చౌక రకం అది. సగం పని విండోస్‌లోని సాఫ్ట్‌వేర్ చేత చేయించుకునే జాతి, విండోస్ లేకపోతే మూగదే. ఇంట్లో ఇంటర్నెట్ పోయింది. దానివల్ల ఏం తెలుసుకోవాలన్నా మ్యాన్ అని కొట్టి, డిస్క్‌లో ఉన్న వివరణ పేజీలే చదవాల్సి వచ్చింది. నాకు చదువు అబ్బింది అక్కడే. ప్రతి కమాండ్‌కీ ఒక పేజీ. చాలా పేజీల చివర బగ్స్ అని ఒక భాగం ఉంటుంది. ఈ ప్రోగ్రాములో ఫలానా లోపం ఉంది, ఫలానా చోట తప్పు జవాబు రావచ్చు అని రాసినవాళ్లే చెప్పుకోవడం. నాన్నకు అది చదివి వినిపిస్తే నమ్మలేదు. స్వయంగా చూసుకుని, "మా దగ్గర ఆడిటర్ వచ్చి పట్టుకుంటేగాని బయటపడవు. వీళ్లు ముందే రాసి పెట్టుకున్నారే" అన్నారు. ఆ తర్వాత ఏ కమాండ్ గురించి అడిగినా, ముందు ఆ భాగం చూడమనేవారు.

ఆగస్టులో అక్క పెళ్లి బాగా జరిగింది. వెళ్లేటప్పుడు నా నెత్తి మీద మొట్టికాయ వేసి, "నాన్న లిస్టు జాగ్రత్త" అంది.

పెళ్లయిన వారానికి నాన్న చదివింపుల పుస్తకం తీశారు. ఎవరెవరు ఎంత చదివించారో, రేపు వాళ్లింట్లో శుభకార్యమైతే మనం ఎంత పెట్టాలో, అదంతా కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నారు. సగం పైన అయ్యేసరికి కరెంటు పోయింది. యూపీఎస్ లేదు. ముప్పావుగంటకు కరెంటు వచ్చాక స్విచ్ వేస్తే, కిందటిసారి సరిగా మూయకుండా ఆపారు అని ఒక ముక్క వచ్చి, చేత్తో తనిఖీ నడపండి అంటూ ఆగిపోయింది. నేను రీసెట్ బటన్ మీదికి చెయ్యి పోనిచ్చాను.

నాన్న నా మణికట్టు పట్టుకున్నారు. "కదపకు. అది లెక్క చూడమంటోంది."

ఆ తనిఖీ ప్రోగ్రాము పేరు ఎఫ్ఎస్‌సీకే. అది చెప్పినట్టే చేత్తో నడిపాను. అయిదు దశల్లో నడుస్తుంది. ఒక్కో దశ పేరు తెర మీద పడుతుంటే నాన్న కళ్లజోడు పైకి తోసుకుని చదువుతూ, నాకు బ్యాంకు భాషలో చెబుతూ వచ్చారు. మొదటిది డిస్క్‌లోని ముక్కల పరిమాణాలు చూడటం: "వోచర్లు ఒక్కొక్కటీ తిరగేయడం." రెండోది దారులు, మూడోది సంబంధాలు: "ప్రతి వోచరూ ఏదో ఒక ఖాతాకు చెందాలి కదా." నాలుగోది ఒక్కో ఫైల్‌ని ఎన్ని పేర్లు చూపిస్తున్నాయో లెక్కించి, రాసి ఉన్న అంకెతో సరిచూడటం: "లెడ్జర్ల మొత్తం జనరల్ లెడ్జర్‌తో టాలీ అవ్వడం." అయిదోది ఖాళీగా మిగిలిన జాగా లెక్క. "పెట్టెలో మిగిలిన క్యాష్ ఎంచడం. అది కుదిరితేనే ఇంటికెళ్లేది."

మధ్యలో ఒకచోట ఆగింది. ఎవరిదో తెలియని ఫైల్ ఒకటి దొరికింది, మళ్లీ కలపమంటారా అని ప్రశ్న. వై కొట్టాను. లాస్ట్ ప్లస్ ఫౌండ్ అనే డైరెక్టరీలో, పేరు లేక ఒట్టి అంకెతో దాన్ని పడేసింది. అదేమిటని నాన్న అడిగారు. సొంతదారు తెలియనివన్నీ దాంట్లో వేస్తుందని చెప్పాను.

"సస్పెన్స్ అకౌంట్!" అన్నారు. ఆయన గొంతులో అంత ఉత్సాహం నేనెప్పుడూ వినలేదు. డబ్బు వచ్చింది, ఎవరి ఖాతాకో తెలియదు. పారేయడానికి లేదు, ఎవరికో ఒకరికి వేసేయడానికీ లేదు. సస్పెన్స్‌లో ఉంచి వెతకాలి. ఒకసారి 14 రూపాయల తేడా వస్తే రాత్రి పదిన్నర దాకా అందరూ బ్రాంచిలోనే ఉండిపోయారట. నాకు ఆ రాత్రి గుర్తుంది. భోజనం దగ్గర ఆయన కోసం చూసి చూసి అమ్మ కంచాలు తీసేసింది. ఎందుకు ఆలస్యమైందో నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు.

తనిఖీ అయ్యాక నాన్న తన పేరుతో లాగిన్ అయ్యారు. మీకు ఉత్తరం వచ్చింది అని తెర మీద పడింది. మాకు ఇంటర్నెట్టే లేదు, ఉత్తరం ఎక్కడిది? తెరిస్తే అది రాసింది ఆ మిషనే. ఫలానా రోజు, ఫలానా సమయానికి మీరు ఈ ఫైల్ రాస్తూ ఉన్నారు, దాన్ని దాచి ఉంచాను, ఈ కమాండ్ ఇస్తే చాలా వరకు తిరిగి వస్తుంది అని. వీఐ పని చేస్తూ చేస్తూ పక్కన ఒక నకలు రాసుకుంటుందనీ, మళ్లీ లేచినప్పుడు ఇలా కబురు చేస్తుందనీ తర్వాత తెలిసింది. కమాండ్ ఇచ్చాం. చివరి నాలుగు పేర్లు తప్ప చదివింపులన్నీ వచ్చేశాయి. నాన్న ఆ నాలుగూ కొట్టి, సేవ్ చేసి, ఉత్తరాన్ని మాత్రం చెరపనివ్వలేదు.

యూనిక్స్ లోపల కాలాన్ని సెకన్లలో లెక్కపెడుతుందని నాన్నకు నేను చెప్పింది ఆ రోజుల్లోనే. గ్రీన్‌విచ్ కాలమానంలో 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి ఒక్కొక్క సెకను కూడుకుంటూ వస్తుంది. అంకె వంద కోట్లకు దగ్గరపడింది. మన టైములో 2001 సెప్టెంబరు 9 ఉదయం 7 గంటల 16 నిమిషాల 40 సెకన్లకు సరిగ్గా వంద కోట్లు అవుతుంది. ఆదివారం. నాన్న ముందు కంగారుపడ్డారు. 1999 డిసెంబరు 31 రాత్రి ఆయన బ్రాంచిలోనే పడుకున్నారు, 2000 రాగానే కంప్యూటర్లు తేదీ తప్పుతాయన్న భయంతో, తెల్లారి లెక్కలు ఏమవుతాయో అని ఖాతాల నిల్వలన్నీ ప్రింట్లు తీసి బీరువాలో పెట్టుకుని మరీ. "అంకె ఒకటి పెరిగితే ఏదైనా చెడుతుందా?" అని అడిగారు. తొమ్మిది అంకెలు పది అవుతాయి, దీనికి దాంట్లో చోటు ఉంది అన్నాను.

ఆ ఆదివారం ఆరున్నరకే లేచాం. ముందు రోజు రేడియో వార్తల టైముకు కంప్యూటర్ గడియారం సరిచేసి ఉంచాం. సెకనుకోసారి అంకె వేసే రెండు లైన్ల షెల్ ప్రోగ్రాము రాశాను. అమ్మ కాఫీ తెచ్చి, ఏం జరుగుతుందో తెలియకపోయినా నిలబడింది. అంకెలు ఒకదాని కింద ఒకటి పడుతున్నాయి. 999999996. 999999997. కింది లైను పడేలోపు నాన్న ఊపిరి బిగపట్టడం వినపడుతోంది. 999999999. 1000000000. కొత్త అంకెతో లైను ఒక అక్షరం మేర పక్కకు జరిగింది. అంతే. తర్వాత 1000000001.

"1970 జనవరి 1 అర్ధరాత్రి అంటే, మనకు పొద్దున అయిదున్నర" అన్నారు నాన్న, కాఫీ పక్కన పెట్టి. "ధనుర్మాసం. తెనాలిలో మా వీధి గుళ్లో మైకులో తిరుప్పావై వచ్చే టైము. నేను పీయూసీ."

అంతకు ముందు వేసవిలోనే అమెరికాలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధనశాలలో యూనిక్స్ పుట్టింది. అక్కడ పనిచేసే కెన్ థామ్సన్ భార్య ఏడాది బిడ్డను తీసుకుని కాలిఫోర్నియాలో అత్తారింటికి వెళ్లిన మూడు వారాల్లో, ఆయన పీడీపీ-7 అనే పాత మిషన్ మీద ఎడిటర్‌కు ఒక వారం, ప్రోగ్రాములను మిషన్ భాషలోకి మార్చే అసెంబ్లర్‌కు ఒక వారం, సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌కు ఒక వారం పెట్టి దాన్ని నిలబెట్టాడు. నేను ఆ కథ చెబితే నాన్న వేళ్ల మీద ఏదో లెక్క వేశారు. "1969 జులై 19న పద్నాలుగు బ్యాంకులు జాతీయం చేశారు. ఆ తర్వాతే ఊరూరా బ్రాంచీలు పెట్టారు. నాకు 1974లో ఉద్యోగం వచ్చింది దాని వల్లే. ఇదీ అదే ఏడాదిదన్నమాట" అని మానిటర్ మీద చెయ్యి వేశారు.

"మరి ఈ అంకెకు ఎక్కడిదాకా చోటుంది?"

ఆ మిషన్‌లో 2147483647 దాకా. 2038 జనవరి 19, మన టైము ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు అది నిండిపోతుంది. నేను చెబుతుండగానే ఆయన చదివింపుల పుస్తకం అందుకుని, చివరి పేజీలో, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదుల మీద రాసినంత శ్రద్ధగా రాసుకున్నారు.

ఆ కంప్యూటర్ ఎప్పుడో పోయింది. పుస్తకం అక్క దగ్గర ఉంది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు చివరి పేజీ తీసి చూశాను. నీలం ఇంకు కాస్త వెలిసింది గానీ అక్షరాలు తెలుస్తున్నాయి. 'డ్యూ డేట్: 19-1-2038, ఉదయం 8.44.' కింద చిన్న సంతకం.